బానిసలు పిరమిడ్ దగ్గర లేరు

పిరమిడ్ బొమ్మ గీయమంటే పిల్లలు త్రిభుజం గీసి ఊరుకుంటారు. పెద్దవాళ్లు దాని పక్కన ఒక కొరడా కూడా గీస్తారు. మండుటెండలో మొలకు పేలిక చుట్టుకుని బండరాళ్లు ఈడ్చే వేలాది బానిసలు, వాళ్ల వీపుల మీద రక్తపు చారలు, పందిరి నీడన కాలు మీద కాలేసుకున్న ఫరో. ప్రాచీన ఈజిప్టులో పాలకులకూ బానిసలకూ మధ్య సంబంధం ఏమిటని అడిగితే చాలామంది జవాబు ఈ దృశ్యంతో మొదలై ఈ దృశ్యంతోనే ముగుస్తుంది.

దృశ్యం రక్తి కట్టేదే. కానీ తవ్వకాల్లో బయటపడ్డదానికీ, పాపిరస్‌ల మీద రాసి ఉన్నదానికీ అది పొసగదు. పైగా దానివల్ల ఒక నష్టం ఉంది. ఈజిప్టులో బానిసలు నిజంగానే ఉన్నారు. పేర్లతో, ధరలతో, కోర్టు తగాదాలతో సహా వాళ్ల జాడలు మిగిలాయి. వాళ్లను గాలికొదిలేసి, లేనిచోట ఊహాబానిసలను నిలబెట్టి జాలిపడటం చరిత్ర తెలిసినతనం అనిపించుకోదు.

ఈ కథకు ఆధారమేదని అడిగితే ముందు వినబడే పేరు హెరొడోటస్. ఆ గ్రీకు పెద్దమనిషి ఈజిప్టు చూసింది క్రీ.పూ. 5వ శతాబ్దంలో. గీజాలో ఖుఫు పిరమిడ్ లేచింది సుమారు క్రీ.పూ. 2560 ప్రాంతంలో. అంటే ఆయన చెవిన పడేనాటికే అది రెండు వేల ఏళ్ల పాత ముచ్చట. పోనీ, ఆయన రాసిందైనా సరిగా చదివారా? ఖుఫు ఈజిప్షియన్లందరినీ తన పనికి తోలాడనీ, లక్షమంది చొప్పున మూడేసి నెలల వంతుల మీద పనిచేశారనీ ఆయన రాశాడు. వంతు తీరగానే ఇంటికి పోయేవాడికి ఇల్లూ వాకిలీ పొలమూ ఉన్నట్టే కదా! బానిసకు వంతెక్కడిది? లక్ష అన్న లెక్కను ఇప్పటి పురాతత్త్వవేత్తలు ఒప్పుకోరు, అది వేరే సంగతి. డబ్బు చాలక ఖుఫు కన్నకూతురినే వ్యభిచారానికి దించాడనీ, ఆమె విటుడికొక రాయి చొప్పున వసూలు చేసి తనకూ ఒక చిన్న పిరమిడ్ కట్టించుకుందనీ కూడా ఆయనే రాశాడు. ఆయన రాసిన ఈ కథను నవ్వి వదిలేసినవాళ్లే, ఆయన రాయని బానిసలను మాత్రం ఆయన ఖాతాలో వేస్తున్నారు.

రెండో ఆధారంగా బైబిలును చూపిస్తారు. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులు ఇటుకలు చేస్తారు, పీతోము, రామెసేసు అనే పట్టణాలు కడతారు. పిరమిడ్ ఊసే లేదు. రామెసేసు అన్న పేరు ఆ కథను క్రీ.పూ. 13వ శతాబ్దం వైపు లాగుతుంది. అప్పటికి ఖుఫు పిరమిడ్‌కు పన్నెండు వందల ఏళ్లు దాటాయి. ఆ జాతిచేత పిరమిడ్లు కూడా కట్టించినవాడు క్రీ.శ. 1వ శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్. 1956లో సిసిల్ బి. డెమిల్ తీసిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’లో కూడా బానిసలు కట్టేది నగరమే. థియేటర్లోంచి బయటికొచ్చాక జనం జ్ఞాపకంలో అది పిరమిడ్ అయి కూర్చుంది.

ఇక నేల చెప్పే సాక్ష్యం. 1990లో గీజా దగ్గర ఒక గుర్రం కాలు ఇసుకలో కూరుకుపోయిన మట్టి ఇటుకల గోడకు తట్టుకుంది. తవ్వి చూస్తే అది సమాధి గోడ. పురాతత్త్వవేత్త జాహీ హవాస్ బృందం తవ్వుతూ పోయేకొద్దీ ఆ గుట్ట వాలు నిండా పిరమిడ్ పనివాళ్ల, మేస్త్రీల సమాధులు బయటపడ్డాయి. పక్కన పరలోకంలో అక్కరకొస్తాయని పెట్టిన రొట్టె పాత్రలు, బీరు కుండలు. పెతెతి అనే ఆయన తన సమాధికి శాపనార్థాలు కూడా చెక్కించుకున్నాడు: దాన్ని పాడుచేసినవాణ్ణి మొసళ్లు, సింహాలు పట్టాలట. రాజు గోరీ కనుచూపు మేరలో సొంత సమాధి, సొంత పేరు, సొంత శాపం. ఏ యజమాని తన బానిసకు ఇన్ని హక్కులిచ్చాడో కొరడా కథకులే చెప్పాలి.

ఎముకలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. వెన్నుపూసలు అరిగిపోయాయి, మోకాళ్లు అరిగిపోయాయి. బరువులు మోసిన మాట అబద్ధం కాదు. అయితే విరిగిన చేతులు కట్టు కట్టగా సరిగ్గా అతుక్కున్నాయి. కాలో చెయ్యో తీసేశాక కూడా కొన్నేళ్లు బతికినవాళ్ల అస్థిపంజరాలు దొరికాయి. గాయపడ్డవాడికి వైద్యం ఉంది, కోలుకునేదాకా తిండి ఉంది.

తిండి లెక్క పురాతత్త్వవేత్త మార్క్ లేనర్ తవ్వకాల్లో తేలింది. పిరమిడ్లకు దక్షిణాన, కాకి గోడ అని పిలిచే పెద్ద రాతిగోడకు అవతల ఒక పట్టణమే బయటపడింది. పొడుగాటి వసారాల వంటి వసతి గదులు, రొట్టె కొట్లు, ధాన్యపు కొట్లు, చేపలు శుభ్రం చేసిన చోట్లు. చెత్తకుప్పల్లో పశువులవీ గొర్రెలవీ మేకలవీ ఎముకలు గుట్టలుగా దొరికాయి. పశువుల్లో చాలావరకు లేత వయసు మగవి, అంటే మాంసానికని ఏరి తోలుకొచ్చినవి. ముఠాలు తమ పేర్లు రాళ్ల మీద రంగుతో రాసుకున్నాయి. ఒక ముఠా ‘ఖుఫు నేస్తాలు’, ఇంకొకటి ‘మెన్‌కౌరే తాగుబోతులు’. దేవుడంతటి రాజు పేరు పక్కన తాగుబోతులమని రాసుకునే చనువు, సంకెళ్లలో ఉన్నవాడిది కాదు.

2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో పియెర్ తాలే బృందానికి ఖుఫు కాలం నాటి పాపిరస్‌లే దొరికాయి. రాత ఉన్న పాపిరస్‌లలో ఇంతకంటే పాతవి ఇప్పటిదాకా దొరకలేదు. మెరెర్ అనే తనిఖీదారు సుమారు నలభై మంది బృందంతో తూరా గనుల నుంచి తెల్లటి సున్నపురాయిని పడవల్లో గీజాకు చేరవేశాడు. ఏ రోజు ఎక్కడ రాయి ఎక్కించారు, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు, రొట్టె, బీరు ఎంత వచ్చాయి అన్నీ దినచర్యలా రాసి ఉంచారు. పై అధికారి పేరూ ఉంది: రాజు సవతి సోదరుడు అంఖ్‌హాఫ్. సర్కారీ కాంట్రాక్టు పనుల రికార్డు చదువుతున్నట్టే ఉంటుంది, కొంచెం విసుగు కూడా పుడుతుంది.

ప్రత్యర్థుల చేతిలో ఒక మంచి ముక్క ఉంది. న్యాయంగా దాన్నీ చూడాలి. పలెర్మో శిల మీద ఖుఫు తండ్రి స్నెఫెరు నుబియా మీద దాడి చేసి 7,000 మంది బందీలను, రెండు లక్షల పశువులను తెచ్చాడని ఉంది. లెక్కలో రాజుగారి గొప్ప ఎంతో తెలియకపోయినా, బందీలు వచ్చిన మాట కాదనలేం. మరి వాళ్లు రాళ్లు మోయలేదా? అదే శిల మీద స్నెఫెరు కొత్త ఊళ్లూ పశువుల కొట్టాలూ స్థాపించిన సంగతీ ఉంది. మనుషులతో పాటు పశువులనూ తోలుకొచ్చినవాడికి ముందు కావలసింది పొలమూ పశుశాలా నడిపే చేతులు. గీజా పట్టణంలోనూ, మెరెర్ రాతల్లోనూ కనిపించేది మాత్రం ముఠాలుగా, ఉపముఠాలుగా విడదీసి, వంతులేసి, రాతకోతలతో నడిపిన ఈజిప్టు జనమే. నుబియా బందీ ఎవరైనా రాయి మోశాడా అంటే మోసి ఉండొచ్చు. ఆ ఒక్కరి మీద మొత్తం పిరమిడ్‌ను నిలబెట్టలేం.

ఇక్కడిదాకా విని కొందరు రెండో గట్టుకు దూకేస్తారు. ఈ మధ్య పర్యాటక ప్రచారాల్లో, డాక్యుమెంటరీల్లో అదే వరస. పిరమిడ్ కట్టినవాళ్లు స్వచ్ఛందంగా, దేశభక్తితో, రాజు మీది ప్రేమతో వచ్చి మాంసం తిని బీరు తాగి పాటలు పాడుకుంటూ జాతీయ ప్రాజెక్టు పూర్తిచేశారట. కొరడా బొమ్మ ఎంత అబద్ధమో ఈ పండగ బొమ్మా అంతే అబద్ధం. ఈజిప్టు రాజ్యానికి ఇరుసు వెట్టి. తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. గడీల ముందు వెట్టి చేసిన తెలంగాణ కుటుంబాలను ఎవరూ సంతలో పెట్టి అమ్మలేదు; అంతమాత్రాన వాళ్లు స్వేచ్ఛాజీవులని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

నైలు తీరాన పిలుపు వచ్చాక తప్పించుకోవడం తేలిక కాదు. గుళ్ల సిబ్బందిని వెట్టికి పట్టుకుపోకూడదని పిరమిడ్ల కాలపు, అంటే పాత రాజ్యపు ఫరోలు ప్రత్యేకంగా ఫర్మానాలు జారీ చేశారు. కోప్టోస్‌లో మిన్ దేవుడి గుడికి రెండో పెపీ ఇచ్చినవి రాళ్ల మీద నేటికీ ఉన్నాయి. మినహాయింపును రాయి మీద చెక్కించి మరీ కాపాడుకోవాల్సి వచ్చిందంటే, మినహాయింపు లేనివాడి గతేమిటో ఊహించుకోవచ్చు. చచ్చినా ఇది వదలదని జనం నమ్మారు. పరలోకంలో కాలువలు తవ్వడానికీ ఇసుక మోయడానికీ పిలుపొస్తే తమ బదులు పలకాలని సమాధుల్లో ఉషబ్తీ బొమ్మలు పెట్టుకున్నారు. టుటన్‌ఖామున్ సమాధిలో అలాంటివి 413 ఉన్నాయి. బతికున్నంతకాలం అందరిచేతా వెట్టి చేయించుకున్న రాజే, పోయాక తన వంతు వస్తుందేమోనని భయపడి బదులు మనుషులను సిద్ధం చేసుకున్నాడు!

దెబ్బల సంగతీ అంతే. సఖారాలో మంత్రి మెరెరుకా సమాధి గోడల మీద కర్ర దెబ్బల దృశ్యం ఉంది. లేఖకుల ముందుకు ఈడ్చుకొచ్చి కొడుతున్నది బానిసలను కాదు, గ్రామపెద్దలను. పన్ను లెక్క తప్పినందుకు. ఈజిప్టులో కర్ర ఎవరి వీపు మీద పడిందన్నదాన్ని బట్టి వాడు బానిసో కాదో తేల్చలేం.

చావులూ అంతే. నాలుగో రామ్సెస్ తన మూడో ఏట వాదీ హమ్మామత్‌కు రాయి కోసం పంపిన దండులో 8,000 మందికి పైగా ఉన్నారు. సైనికులు, గుడి మనుషులు, రాతి పనివాళ్లు. లెక్క చివర చనిపోయినవాళ్లు 900 అని ఒక అంకె, పేరూ ఊరూ లేకుండా. అఖెనాతెన్ ఎడారి అంచున హడావిడిగా లేపిన రాజధాని అమర్నాలో, ఉత్తర దిక్కున ఉన్న శ్మశానంలో తవ్వితే దొరికిన అస్థిపంజరాల్లో అత్యధికం 7 నుంచి 25 ఏళ్ల లోపువే. ఒక్కో గుంతలో ఇద్దరు ముగ్గురు, సమాధి సామగ్రి దాదాపు లేదు, పసి వెన్నెముకల మీద బరువుల గుర్తులు. వాళ్లు బానిసలని రుజువు లేదు. ఆ పిల్లలను అక్కడికి చేర్చింది రాజ్యపు పనే అనడానికి ఎముకలు చాలు.

‘దేశ చరిత్రలు’ కవితలో నైలు నాగరికతలో మామూలు మనిషి బతుకు ఎలా ఉండేదని శ్రీశ్రీ అడిగాడు. గమనించాలి, ఆయన అడిగింది బానిస గురించి కాదు, సామాన్యుడి గురించి. ప్రశ్న సరిగ్గానే వేశాడు. జవాబు చెప్పేటప్పుడే మనవాళ్లు సామాన్యుణ్ణి పక్కకు నెట్టి సినిమా బానిసను తెచ్చిపెట్టారు.

ఇక నిజం బానిసలు. వాళ్లను చూడాలంటే బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ఒక పాపిరస్ కావాలి. దాని ముందు వైపు, క్రీ.పూ. 19వ శతాబ్దంలో మూడో అమెనెమ్‌హాత్ ఏలుబడిలో సర్కారీ వెట్టి నుంచి పారిపోయిన దాదాపు 80 మంది పేర్లున్నాయి. మనిషి దొరికేదాకా ఇంటివాళ్లను నిర్బంధించిన వైనమూ ఉంది. ఈ పారిపోయినవాళ్లు ఈజిప్టు రైతులు. వెనక వైపు, కొన్ని తరాల తర్వాత ఒక ఇంటికి చెందిన 95 మంది దాకా పనివాళ్ల జాబితా. వాళ్లలో సగానికి దగ్గరగా పశ్చిమాసియా నుంచి వచ్చినవాళ్లు: నేతగత్తెలు, వంటవాళ్లు, బీరు కాచేవాళ్లు, పిల్లలు. విదేశీ పేరు పక్కన యజమానులు పెట్టిన ఈజిప్టు పేరు. ఈ రెండో జాబితాలోని మనుషులనే ఆస్తిగా ఒకరి నుంచి ఒకరికి రాసిచ్చారు. కొరడా కథ ఈ రెండు జాబితాలనూ కలిపి ఒకటే చేసేస్తుంది. పండగ కథ రెండింటినీ చింపేస్తుంది.

బానిసల సంఖ్య బాగా పెరిగింది పిరమిడ్ల కాలంలో కాదు. వెయ్యేళ్లు గడిచాక, కొత్త రాజ్యపు యుద్ధాలతో. ఎల్ కాబ్‌లో ఎబానా కొడుకు అహ్మోసే అనే నావికుడు తన సమాధి గోడ మీద జీవితకథ చెక్కించుకున్నాడు. అవరిస్ పట్టణం కూలినప్పుడు ఒక మగవాణ్ణీ ముగ్గురు ఆడవాళ్లనూ పట్టుకొచ్చాననీ, రాజు వాళ్లను తనకే ఇచ్చేశాడనీ గర్వంగా చెప్పుకున్నాడు. తనకు దక్కిన బానిసల పేర్ల పట్టీ కూడా పెట్టుకున్నాడు, పతకాల వరసలో. పాలకుడికీ బానిసకూ అసలు సంబంధం ఇక్కడ బయటపడుతుంది. ఫరో యుద్ధానికి పోతాడు, బందీలు వస్తారు, కొందరిని గుళ్లకూ కొందరిని సైనికులకూ పంచుతాడు. మెదీనెత్ హాబు గోడల మీద మూడో రామ్సెస్ బందీలకు వాతలు పెట్టిస్తున్న దృశ్యం ఉంది. వాత పడ్డాక ఆ మనిషి రాజు కంటికి మళ్లీ కనపడడు. ఇకపై అతని బతుకు ఏ గుడి కొట్టంలోనో, ఎవరింటి తిరగలి ముందో.

తిరగలి ముందు ఎవరు కూర్చున్నారో దెయిర్ ఎల్ మెదీనా చెబుతుంది. రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరది. మూడో రామ్సెస్ ఏలుబడి 29వ ఏట ధాన్యం బకాయి పడితే పనిముట్లు పడేసి, గుడి వెనక బైఠాయించి, ఆకలిదప్పులతో వచ్చామని అధికారులకు మొహం మీదే చెప్పినవాళ్లు. లోకంలో రికార్డైన తొలి సమ్మెగా దీన్ని పాఠ్యపుస్తకాలు మెచ్చుకుంటాయి, మెచ్చుకోదగ్గదే. అదే ఊళ్లో వాళ్లకొచ్చే ధాన్యం విసరడానికి సర్కారు పంపిన బానిస స్త్రీలున్నారు. ఏ ఇంటికి వాళ్ల చాకిరీ నెలకు ఎన్ని రోజులో పనివాళ్లు వాటాలు వేసుకున్నారు, ఆ రోజులను ఒకరి నుంచి ఒకరు కొనుక్కున్నారు. సమ్మె గురించి రాసేవాళ్లు ఈ ఆడవాళ్లను ప్రస్తావించడం అరుదు. హక్కు అడిగిన కూలీ ఇంట్లోనే మరో మనిషి రోజులు సరుకయ్యాయన్న నిజం కథానాయకుడి బొమ్మకు అడ్డొస్తుంది మరి.

ధరల లెక్కా ఉంది. రెండో రామ్సెస్ ఏలుబడి 15వ ఏట రాయియా అనే వర్తకుడు ఒక సిరియా పిల్లను ఇంటింటికీ సరుకు తిప్పినట్టు తిప్పుతూ ఇరినోఫ్రెత్ అనే ఆమె గుమ్మంలోకి తెచ్చాడు. బేరం 4 దెబెన్ల 1 కితె వెండికి కుదిరింది. అంటే గట్టిగా 400 గ్రాములు కూడా లేదు. వెండి చేతికివ్వలేదు. బట్టలు, కంచు గిన్నెలు, తేనె కలిపి ఆ విలువకు తూచింది. తర్వాత నాఖీ అనే సైనికుడు కోర్టుకెక్కాడు. ఇంకో ఆడమనిషి సొమ్ము కొంత ఆ బేరంలో కలిసిందని అతని వాదన. ఇరినోఫ్రెత్ చేత ప్రమాణం చేయించారు: అబద్ధమని తేలితే పిల్లను వదులుకోవడమే గాక నూరు దెబ్బలు తినాలి. వాదించినవాళ్లూ, సాక్షులూ, న్యాయాధికారులూ అందరూ గిన్నెలెవరివని తేల్చుకున్నారు. పిల్లను అమ్మవచ్చా అన్నది ఎవరికీ ప్రశ్నే కాదు.

ఈ వ్యవస్థలో కొన్ని తలుపులు తెరుచుకునేవి, అదీ రాయాలి. మూడో తుత్మోసే క్షురకుడు సబస్తెత్ రాజు వెంట యుద్ధంలో తాను పట్టుకొచ్చిన అమెనియుయ్ అనే బానిసకు తన మేనకోడల్నిచ్చి పెళ్లి చేశాడు, ఇక ఎవరూ అతన్ని కొట్టకూడదని రాయించాడు. కొత్త రాజ్యం చివర, పదకొండో రామ్సెస్ కాలంలో రెన్నెఫెర్ అనే పిల్లల్లేని విధవరాలు, తానూ భర్తా కొన్న బానిస పిల్ల కన్న ముగ్గురు బిడ్డలను పెంచి, దత్తత తీసుకుని, స్వతంత్రులని ప్రకటించింది. తన తమ్ముడికి వాళ్లలో పెద్దమ్మాయినిచ్చి పెళ్లి చేసింది. ఆ బిడ్డల తండ్రి ఆమె భర్తేనని పండితులు చాలామంది ఊహ. ఈ పత్రాలను చూపించి ఈజిప్టు బానిసత్వం మెత్తనిదని తీర్పు చెప్పేవాళ్లున్నారు. రెన్నెఫెర్ పత్రంలో ముగ్గురు పిల్లలకూ విముక్తి ఉంది. కన్నతల్లి దినిహతిరి పేరు కొనుగోలు దగ్గర మాత్రమే వస్తుంది.

పారిపోయినవాళ్లూ ఉన్నారు. క్రీ.పూ. 13వ శతాబ్దం చివర తూర్పు సరిహద్దులోని చెకు దళాధిపతి ఇద్దరు బానిసలను వెంటాడుతూ రాసిన లేఖ అనస్తాసీ పాపిరస్‌లలో ఒకదానిలో ఉంది. కోట దాటారని కబురు, సేతీ పేరున్న బురుజుకు ఉత్తరంగా పోయారని ఇంకో కబురు. జాడ ఎవరికి తెలిసిందో, ఎవరిని వెనక పంపారో అంతా తనకు రాయమని అవతలి అధికారులను అడుగుతున్నాడు. ఇద్దరు మనుషుల కోసం రాజభవనం నుంచి సరిహద్దు దాకా యంత్రాంగం కదిలింది. సరిహద్దు కోటలూ కబుర్లూ వేగులూ అన్నీ ఉన్న ఆ రాజ్యం చేతుల్లోంచి, ఆ లేఖ రాసేనాటికి, ఆ ఇద్దరూ జారిపోయే ఉన్నారు. వాళ్లు పరిగెత్తిన దారి గీజాకు దూరంగా, సినాయ్ వైపు ఉంది.